వేలిగో మెట్లు అమ్మ లెక్కపెట్టింది

జూన్‌లో అమ్మ ఎడిన్‌బరా వచ్చినప్పుడు, స్కాట్లండ్ ఈశాన్య కొసన ఉన్న కేత్‌నెస్ చూపిద్దామని మూడు రోజులకు కారు అద్దెకు తీసుకున్నాం. ఇక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగే కాబట్టి ఆ టెన్షన్ లేదు. ఇన్‌వర్నెస్ నుంచి విక్ ఊరికి దాదాపు 165 కిలోమీటర్లు. పోనుపోను చెట్లు పలచబడ్డాయి. పొలాలకు కంచెలు కూడా రాతి పలకలే, నిలువుగా పాతేశారు. "కడప బండల్లా లేవూ?" అంది అమ్మ.

మొదటి రోజు సింక్లెయిర్ గిర్నిగో కోట. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ అంచు మీద మొండిగోడలు, కింద అలలు, పైన పక్షుల గోల. 16వ శతాబ్దంలో ఈ కోట దొర ఒకడు సొంత కొడుకునే ఏడేళ్లు చెరలో పెట్టాడని, చివరికి ఉప్పు మాంసం పెట్టి నీళ్లివ్వకుండా చంపారని చెబుతారు. ఆ కథ చెప్పి తప్పు చేశాను. "కన్నకొడుకునా! పద పోదాం" అని అమ్మ వెనక్కి తిరిగేసింది. అలా ఒక కోట అరగంటలో అయిపోయింది. మర్నాడు మే కోట. 1952లో అప్పటి రాణి ఎలిజబెత్ తల్లి కొనుక్కున్నది. బాగుంది, శుభ్రంగా ఉంది. అంతకు మించి నాకేం గుర్తు లేదు.

కామ్‌స్టర్ అలా కాదు. బీడు మధ్యలో బూడిదరంగు రాళ్లు పోసిన గుట్టలు. 5,000 ఏళ్ల కిందటి సమాధులవి. లోపలికి దారి ఎంత పొట్టిదంటే మోకాళ్ల మీద పాకాల్సిందే. ఇనుప గేటు తీసుకుని నేను, మా ఆవిడ పాకాం. తడి రాయి చేతులకు చల్లగా తగిలింది. బయట అంత గాలి వీస్తున్నా లోపల చప్పుడు లేదు. మధ్య గదిలో నిలబడి గోడ తడిమి చూస్తే, సున్నం లేదు, మట్టి లేదు, పలక మీద పలక పేర్చారంతే. బయటికొచ్చేసరికి ప్యాంటు మోకాళ్ల దగ్గర బురద. అమ్మ గేటు దగ్గరే కూర్చుని, "గర్భగుడిలోకి వెళ్లొచ్చినట్టున్నార్రా" అంది.

మూడో రోజు వేలిగో. పెద్ద బోర్డేమీ లేదు, వెతుక్కోవాలి. రెండు కొండచరియల మధ్య ఇరుకు చీలికలోకి సముద్రం వస్తుంది, ఇక్కడ దాన్ని 'గో' అంటారు. 1786లో ఇంజనీరు థామస్ టెల్ఫర్డ్ వచ్చి చూసి ఇది భయంకరమైన చోటని తేల్చేశాడట. అయినా కొన్నేళ్లకు ఇక్కడ మెట్లు కట్టారు, పడవలూ దిగాయి. 19వ శతాబ్దంలో విక్‌లో హెర్రింగ్ చేపల సీజన్‌కు 1,000కి పైగా పడవలు చేరేవి. ఈ చిన్న గోలో పడవలు తెచ్చిన చేపలను ఆడవాళ్లు కడిగి, గంపల్లో వీపున వేసుకుని, ఈ మెట్లెక్కి, 11 కిలోమీటర్ల దూరంలోని విక్‌కు నడిచి వెళ్లి అమ్మేవారు.

మెట్లు అడ్డదిడ్డంగా వంకర్లు తిరుగుతాయి. చాలాచోట్ల పట్టుకోవడానికి ఏమీ లేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, వద్దన్నాను. వినలేదు. గోడవైపు చెయ్యి ఆనించుకుంటూ, ఒక్కో మెట్టు లెక్కపెడుతూ దిగింది. కింద గడ్డి పరిచిన గట్టు మీద, పడవలు లాగిన పాత మర తుప్పుపట్టి ఉంది. అమ్మ దాన్ని కాసేపు చూసి, "మా చిన్నప్పుడు భీమిలిలో మత్స్యకారుల ఆడవాళ్లు గంప నెత్తిన పెట్టుకుని పరుగున వచ్చేవాళ్లు, చేప పాడవుతుందని. వీళ్లకు ఈ చలిలో పాడయ్యే భయం లేదు కానీ, ఈ కొండుంది" అంది. మళ్లీ తనే, "ఆ దొరగారి కోటలకు టికెట్లు కొంటారు గానీ, ఈ మెట్లెక్కిన ఆడవాళ్ల పేర్లు ఎక్కడైనా రాశారట్రా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఎక్కేటప్పుడు మళ్లీ లెక్క మొదలైంది. ఊళ్లో 365 అని చెప్పుకుంటారు, ఇప్పుడు మిగిలినవి 330 పైచిలుకు. అమ్మ లెక్క 331, మా ఆవిడది 337. నేను సగంలోనే ఊపిరందక లెక్క వదిలేశాను. రాత్రి పదింటికి కూడా వెలుతురు పోలేదు, రూములో వాళ్లిద్దరూ ఆ ఆరు మెట్ల దగ్గరే ఆగిపోయారు.