బస్టాండు, అమ్మవారు, మళ్ళీ బస్టాండు

మా పెద్దమ్మది చిలకలూరిపేట పక్కన పల్లెటూరు. బెజవాడకు లెక్కలేనన్నిసార్లు వచ్చింది. ఏం చూశావు పెద్దమ్మా అంటే, "బస్టాండు, అమ్మవారు, మళ్ళీ బస్టాండు" అంటుంది. అందుకే ఈసారి దసరా రద్దీ తగ్గి, కార్తీకమాసం జనం ఇంకా మొదలుకాక ముందు రెండు రోజులు రమ్మని పట్టుబట్టాను. ఈ ఊరు చూడాలంటే అదే అదను. ఎండాకాలంలో ఇక్కడి బండల మధ్య తిరగమని పగవాడికి కూడా చెప్పను.

ఆదివారం పొద్దున ఐదున్నరకే స్కూటీ తీశాను. పెద్దమ్మ ఒకవైపు తిరిగి కూర్చుని, నా భుజం గట్టిగా పట్టుకుని, సీతానగరం దాకా "నెమ్మదిరా, నెమ్మదిరా" అంటూనే ఉంది. బండి ఆ ఒడ్డున పెట్టి ప్రకాశం బ్యారేజీ మీదికి నడిచి వచ్చాం. కొన్ని గేట్లు ఎత్తి ఉన్నాయి. కింద నీళ్లు బండకేసి బాదినట్టు పడి, తెల్లగా లేచి, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు పారుతున్నాయి. నురుగు అంచున కొంగలు వరసగా నిలబడి చేపల కోసం కాచుకున్నాయి. దిగువన రైలు వంతెన మీద ఏదో గూడ్సు పోతోంది, దాని వెనక సూర్యుడు. ఇసుక మేటల మీద రెల్లు పూసింది. దూరానికి ఎవరో దుప్పట్లు ఆరేసినట్టుంది.

"ఎన్ని తలుపులురా దీనికి?" అంది.

డెబ్బై. పొడవు 1,223 మీటర్లు. 1855 నాటికి కట్టిన పాత ఆనకట్టకు 1952లో గండి పడింది. ఆ తర్వాత దీన్ని కట్టారు, 1957కి పూర్తయింది. డెల్టాలో సుమారు 13 లక్షల ఎకరాలు ఈ నీళ్ల మీదే ఆధారపడ్డాయి అని చెప్పాను. మొదటివన్నీ ఊఁ కొట్టి ఊరుకుంది కానీ, ఎకరాల మాట రాగానే ఆగింది. "మా సాగర్ కాలవ కంటే ఎక్కువా?" అని అడిగింది. రైతుతో విహారయాత్రకు వెళ్తే ఇలాగే ఉంటుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో పడవలు కొట్టుకొచ్చి ఈ గేట్ల దగ్గరే గుద్దుకున్నాయని చెబితే, రెయిలింగ్ మీంచి చెయ్యి తీసేసింది. ఇంద్రకీలాద్రి వైపు తిరిగి అక్కణ్ణుంచే ఒక దణ్ణం పెట్టుకుంది.

భవానీ ద్వీపం వెళ్దామనుకున్నాం. ఎగువ నుంచి నీళ్లు వదులుతున్నారని ఆ రోజు పడవలు ఆపేశారు. ఘాట్ దగ్గర ఓ అరగంట కూర్చుని చూశాం, కదల్లేదు. పెద్దమ్మకు నాకంటే ఎక్కువ నిరాశ. పడవ ఎక్కడం తనకు జీవితంలో అదే మొదటిసారి అయ్యేదని అప్పుడు చెప్పింది. ముందే చెప్తే కనుక్కుని తీసుకొచ్చేవాణ్ణి కదా!

గాంధీనగర్ పోయి బాబాయి హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిన్నాక కాస్త తేరుకుంది. మళ్ళీ నది దాటి ఉండవల్లి గుహలకు వచ్చాం.

బయటి నుంచి చూస్తే నాలుగంతస్తుల మేడ. దగ్గరికెళ్తే తెలుస్తుంది, కట్టింది కాదు, కొండను తొలిచింది. కింది అంతస్తు సగంలో ఆగిపోయింది. స్తంభం అనుకున్న చోట ఇంకా కొండే ఉంది. పైన చీకట్లో అనంతపద్మనాభస్వామి పడుకుని ఉంటాడు, ఐదు మీటర్ల పైచిలుకు, అంతా ఒకే రాయి. మొదట పాదాలు కనిపిస్తాయి. కళ్లు చీకటికి అలవాటుపడే కొద్దీ మోకాళ్లు, నడుము, చివరికి ముఖం. బయట ఎండలోంచి వచ్చి తొందరగా చూసేసి వెళ్లిపోయేవాళ్లకు ముఖం కనపడనే కనపడదు. మా ముందే రెండు కుటుంబాలు సెల్ఫీ తీసుకుని దిగిపోయాయి. పెద్దమ్మ మాత్రం ఆ చల్లటి రాతి మీద కూలబడింది. చాలాసేపటికి, "హాయిగా పడుకున్నాడు. లేపబాకండి" అంది, అక్కడ మేం తప్ప ఎవరూ లేకపోయినా.

బయట అంచున రాతి రుషులు, సింహాలు వరసగా కూర్చుని పొలాల వైపు చూస్తుంటారు. వాళ్ల పక్కనే మేమూ కూర్చున్నాం. వానలు కడిగిన పచ్చదనం, ఎక్కడా దుమ్ము లేదు. అరటి, కూరగాయలు, పూలు, జామ. ఇక్కడి వాళ్లు రాజధానికి భూములు ఇచ్చేది లేదని ఎందుకంత పట్టుబట్టారో ఈ అరుగు మీద కూర్చుంటే ఎవరూ చెప్పక్కర్లేదు. పెద్దమ్మ అరటి తోట ఎన్ని నెలలదో అక్కణ్ణుంచే చెప్పేసింది. కిందికి దిగాక రోడ్డు పక్కన సీతాఫలాలు బేరమాడి, కన్ను విచ్చినవి కాకుండా గట్టివి ఏరింది. ఊరు చేరేసరికి పండుతాయట.

మర్నాడు గుంటూరు దాకా బస్సులో వెళ్లి, ఆటోలో ఉప్పలపాడు చెరువుకు తీసుకెళ్లాను. చిన్న ఊరు, చిన్న చెరువు, కానీ చెట్ల మీద ఆకుల కంటే పిట్టలే ఎక్కువ. ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు. ఒక గూడబాతు వచ్చి వాలితే కొమ్మ నీళ్లకు ఆనేదాకా వంగింది. అది రెక్కలు విప్పి, ముడిచి, మళ్ళీ విప్పి, లావుపాటి మనిషి నులక మంచం మీద సర్దుకున్నట్టు సర్దుకుంది. పెద్దమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వడం మా పెదనాన్న పోయాక అదే చూడటం.

గుంటూరు బస్టాండులో పేట బస్సు ఎక్కించాను. కిటికీలోంచి తల బయటపెట్టి, "పడవలు తిరుగుతున్నాయో లేదో కనుక్కుని ఫోన్ చెయ్యి. చీరలు రెండు సర్దుకునే ఉంచుతా" అంది.