అమ్మమ్మ పొందూరు చీరలో పోగులు లెక్కపెట్టాక

ఏటా దసరా వెళ్లిన తరువాత వచ్చే మంగళవారం నాడు విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. మూడు లాంతర్ల దగ్గరి గుడికీ కోటకూ మధ్య సిరిమాను, అంటే కొన మీద పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి మాను, మూడుసార్లు తిరిగేసరికి పొద్దు వాలిపోతుంది. అంతసేపూ జనంలో నిలబడి చూడటానికి మా అమ్మమ్మ ప్రతి ఏడూ ఒకే చీర కట్టుకునేది. అది ఎర్ర అంచున్న, మీగడ రంగు, శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ చీర. పెట్టెలో పట్టుచీరలు ఉండగా ఈ నూలు చీర ఎందుకని అమ్మ అడిగితే, "పట్టుచీర నలుగురూ చూడ్డానికే, ఇది నేను నిలబడ్డానికి" అనేది.

పోయిన ఏడాది సిరిమానుకు నేను కూడా అలాంటి చీరే కట్టుకోవాలని ముచ్చటపడి, పండుగకు పది రోజుల ముందు ఊళ్లోనే ఒక దుకాణంలో 'పొందూరు ఖాదీ' అని చెప్పి ఇచ్చిన చీర కొన్నాను. చూపుకు ముద్దుగానే ఉంది. కానీ రెండోసారి సిరిమాను కోట వైపు కదిలే వేళకు ఆ చీర వీపుకు తడి కాగితంలా అంటుకుపోయింది. ఊపిరాడని గుడ్డ ఒంటి మీద ఉంటే దేవుడి మీద కన్నా కుచ్చిళ్ల మీదే ధ్యాస ఉంటుందని ఆడవాళ్లకు వేరే చెప్పనక్కర లేదు. ఇంటికి రాగానే ట్రంకుపెట్టెలోంచి అమ్మమ్మ చీర తీసి, రెండింటినీ మంచం మీద పక్కపక్కన పరిచాను.

అమ్మమ్మ చీర ఏదో పోల్చుకోవడానికి అంచు చూడక్కరలేదు. మొదటిసారి కట్టుకునే ముందు ఒక మూలన పెట్టిన పసుపు బొట్టు ఎన్ని ఉతుకులు పడినా లేత మరకగా మిగిలే ఉంది. ఆ మూల దగ్గరే ఒక అంగుళం మేర స్కేలు ఆనించి, మా నాన్నగారు పంచాంగం చూసుకునే భూతద్దం పట్టుకుని, సూదిమొనతో పోగులు ఒక్కొక్కటిగా లెక్కపెట్టాను. పడుగు, అంటే నిలువు పోగులు 64, పేక, అంటే అడ్డ పోగులు 60 తేలాయి. చీర పన్నా, అంటే వెడల్పు, 46 అంగుళాలు, పొడవు పన్నెండు మూరలు, అంటే ఆరు గజాలు. గుణించి చూసుకుంటే పడుగులో 16 కిలోమీటర్లు, పేకలో 15 కిలోమీటర్లు, మొత్తం 31 కిలోమీటర్ల నూలు ఆ ఒక్క చీరలో ఉంది. విజయనగరం నుంచి చీపురుపల్లికి దూరం ఇంచుమించు అంతే.

అంతటితో ఊరుకోలేక వంటింటి తక్కెడలో తూచాను. 200 గ్రాములు. నూలు సన్నదనాన్ని కౌంటులో చెబుతారు. 840 గజాల నూలు చుట్టలు (చిలపలు) ఎన్ని కలిస్తే ఒక పౌను బరువు తూగుతాయో అదే ఆ నూలు కౌంటు. నూరు కౌంటు అంటే ఒక్క పౌను నూలు పరిస్తే 84,000 గజాలు, అంటే దాదాపు 77 కిలోమీటర్లు సాగుతుందన్న మాట. నా లెక్క ప్రకారం అమ్మమ్మ చీర నూలు తొంభై కౌంటు దాటింది. ఉతికి ఉతికి చీర కుంచించుకుపోయి ఉంటుంది, మా తక్కెడ కూడా నమ్మదగ్గది కాదు, కాబట్టి ఇటూ అటూ అయిదారు కౌంట్లు తేడా ఉండవచ్చు.

ఇక కొత్త చీర సంగతి. దాంట్లో అంగుళానికి పడుగు 70, పేక 66 ఉన్నాయి. అంటే అమ్మమ్మ చీర కన్నా ఎక్కువే! ఖాదీ గొప్పతనమంతా సన్నదనంలోనే ఉందని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చిన నాకు ఇక్కడ మతి పోయింది. రెండు చీరల కొంగుల్లోంచీ చెరొక పోగు లాగి, పురి విప్పి, కిటికీ వెలుతురులో పెట్టి చూశాక గాని అసలు తేడా అంతుపట్టలేదు. కొత్త చీర పోగు ఈ కొస నుంచి ఆ కొస దాకా గీత గీసినట్టు ఒకే లావున ఉంది. అమ్మమ్మ చీర పోగు ఒకచోట వెంట్రుకలా సన్నబడి, మరోచోట కాస్త ఉబ్బి, మళ్లీ సన్నబడి, వాగు గట్టులా వంపులు పోయింది. మొదటిది మిల్లు నూలు, రెండోది చేతి నూలు. సన్నదనం ఈ రోజుల్లో యంత్రానికి ఒక లెక్క కాదు. చెయ్యి వడికినదాన్ని పట్టిచ్చేది పోగు సమంగా లేకపోవడమే. పురి అంత బిగుతుగా ఉండదు కనుక చేతి నూలు చెమటను తాగుతుంది, పోగుకూ పోగుకూ మధ్య గాలి ఆడుతుంది. అమ్మమ్మ 'నిలబడ్డానికి' అన్నది దీన్నే.

నాకు అమ్మిన చీర చేనేత కాదని నేను అనడం లేదు. అది మగ్గం మీద నేసినదే అయి ఉండవచ్చు. అయితే 1956 నాటి ఖాదీ, గ్రామీణ పరిశ్రమల చట్టం ఖాదీకి ఇచ్చిన నిర్వచనం చాలా సూటిగా ఉంది: భారతదేశంలో చేత్తో వడికిన నూలుతో, భారతదేశంలోనే చేతిమగ్గం మీద నేసినది. నేత ఒక్కటే చేతిదైతే చేనేత. వడకడం కూడా చేతిదైతేనే ఖాదీ. 2013లో వచ్చిన నిబంధనల ప్రకారం ఖాదీ పేరుతో అమ్మే గుడ్డకు ఖాదీ మార్కు ఉండాలి. నా చీరకు అది లేదు. లేదన్న సంగతి కొనేటప్పుడు చూసుకోవాలని నాకు తోచనూ లేదు. అంచు బాగుందా, కొంగు బాగుందా, రంగు నిలుస్తుందా అని పది ప్రశ్నలు వేసిన నేను, నూలు ఎవరు వడికారని ఒక్క మాట అడగలేదు.

ఆ ఉక్రోషంతోనే కార్తీక మాసంలో ఒక శనివారం పొద్దున్నే పాసింజరు ఎక్కి నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం దాటి పొందూరులో దిగాను. స్వాతంత్ర్యోద్యమంలో ఈ ఊరి నూలు పేరు దేశమంతా పాకింది. గాంధీజీ ఆ సన్నదనం గురించి విని, నిజమో కాదో చూసి రమ్మని తన కుమారుడు దేవదాస్ గాంధీని పంపారన్న మాట అక్కడ ఎవరిని కదిపినా చెబుతారు. ఇప్పుడు ఈ పని సాగించే ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949లో ఏర్పడింది.

తెలిసినవాళ్ల ద్వారా ఒక వడికే ఆవిడ ఇంటికి వెళ్లాను. డెబ్బై దాటిన మనిషి, గుమ్మం పక్కన నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నారు. ఆవిడ ముందు దూది, దూది పక్కన ఒక ఎముక. వాలుగ చేప దవడ గురించి చదివి ఉన్నాను కాని, చేతిలోకి తీసుకోవడం అదే మొదలు. అరచేతిలో ఇమిడిపోయే ఆ ఎముక మీద సన్నని పళ్లు వరుస మీద వరుసగా, లోపలికి వంగి, చిన్న కుంచెలా ఉన్నాయి. వేలితో ఒకవైపు నిమిరితే నున్నగా జారింది, ఎదురు నిమిరితే చర్మం పట్టుకుంది. గోదావరి వైపు నుంచి తెప్పించుకుంటారట. గింజలు తీయని పత్తిని పట్టుకుని, ఒక్కొక్క గింజ చుట్టూ ఉన్న పీచును ఆ పళ్లతో దువ్వుతారు. నలకలు రాలిపోతాయి, అడ్డదిడ్డంగా ఉన్న పీచు తల దువ్విన పిల్లలా ఒక దారికి వస్తుంది. ఇనుప దువ్వెన వాడకూడదా అని అడిగితే ఆవిడ నవ్వి, "పీచు తెగిపోద్దమ్మా, దీనికైతే తెగదు" అన్నారు.

ఇంత పాటు ఎందుకంటే, ఇక్కడి కొండపత్తి, ఎర్రపత్తి పొట్టి పీచు రకాలు. పొడవు పీచును సన్నగా వడకడం పెద్ద విశేషం కాదు. పొట్టి పీచును ఒకదాని వెంట ఒకటి తెగకుండా నడిపించాలంటే, మొదట్లోనే పీచు ఏదీ విరగకుండా, మడత పడకుండా ఉండాలి. దువ్వడం అయ్యాక చిన్న చెక్క మీద పత్తిని పెట్టి, సన్నని ఇనుప కడ్డీని దొర్లిస్తే గింజ ఇవతలికి వచ్చేస్తుంది. ఆ దూదిని పుల్లతో తేలిక చేసి, చిన్న వింటితో ఏకి, వేలెడేసి ఏకులు చుడతారు. ఆ ఏకులు నలగకుండా, గాలికి లేవకుండా ఎండిన అరటి దొప్పలో దాచుకుంటారు. 'ఏకులా వచ్చి మేకులా తగులుకున్నాడు' అన్న సామెత నేను వెయ్యిసార్లు వాడి ఉంటాను. ఏకు ఎంత మెత్తగా ఉంటుందో ఆ దొప్పలోంచి ఒకటి తీసి పట్టుకునేదాకా నాకు తెలియదు. సామెతలోని ఆ మనిషి ఎంత మెత్తగా ఇంట్లోకి వచ్చి ఉంటాడో అప్పుడు అర్థమైంది.

ఒంటి కదురు రాట్నం ముందు నన్ను కూర్చోబెట్టారు. కదురు అంటే వడికిన నూలు చుట్టుకునే పుల్ల. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో ఏకును వెనక్కి లాగాలి. లాగాను, తెగింది. మళ్లీ అతికి లాగాను. ఈసారి తాడంత లావుగా వచ్చి, ఆ తరువాత తెగింది.

"ఏటి తల్లీ, అలగ పట్టుకుంటే ఏకు నిలదు. నువ్వు లాగకు, దాన్నే రానియ్యి."

"ఎంతకాలం పట్టింది మామ్మా, మీకు ఇది రావడానికి?"

"మాయమ్మ పక్కన కూకుని నేర్సుకున్నాను, ఏం గుర్తు? బేగి రావాలంటే ఇది రాదమ్మా. నీ బేగికీ దీని బేగికీ పొత్తు నేదు."

కొంచెం లావు రకం నూలుకు అక్కడ కూడా అంబర్ చరఖాలు వాడతారు. తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథన్ రూపొందించిన ఆ చరఖాకు కదుళ్లు ఎక్కువ, పని వేగం ఎక్కువ, నడిపేది చెయ్యే కనుక అదీ ఖాదీయే. కానీ చేప దవడతో దువ్విన ఏకును పూర్తిగా సన్నం తీయడానికి ఈ ఒంటి కదురే కావాలి. ఆ ఇంట్లో ఈ పని తెలిసినది ఆవిడ ఒక్కరే. కోడలు దగ్గరి పట్టణంలో ఒక బట్టల దుకాణంలో పని చేస్తోంది. రోజల్లా వడికితే వచ్చేదాని కన్నా అక్కడ నిలబడితే వచ్చేది ఎక్కువైనప్పుడు ఆ అమ్మాయిని తప్పుపట్టే అర్హత, నూలు గురించి ఒక్క ప్రశ్న అడగకుండా చీర కొన్న నాకు లేదు.

నేత ఇంట్లో ఎక్కువసేపు ఉండలేదు. గుంట మగ్గం దగ్గర నేల తేమ పోగును కాపాడుతుందనీ, వేసవి మధ్యాహ్నాల్లో పడుగు పొడిబారి తెగుతుంటే పని ఆపేయవలసి వస్తుందనీ చెప్పారు. సమంగా లేని చేతి నూలును మగ్గానికి ఎక్కించాలంటే గంజి పట్టించడంలోనే సగం నేర్పు ఉందట. జాందానీ బుటాలున్న చీర ఒకటి మగ్గం మీద ఉంది. బుటా వచ్చిన ప్రతిచోటా విడి పోగును చేత్తోనే దూర్చి, పేకతో పాటు బిగిస్తారు. అందుకే వెనక వైపు తిప్పినా పోగులు వేలాడవు. అందంగానే ఉంది, కాని నా మనసు అమ్మమ్మ చీరలాంటి ఉత్త గుడ్డ మీదే ఉంది. బుటా లేని చీరలో నూలుకు దాక్కునే చోటు ఉండదు.

అమ్మమ్మ పడుచు వయసులో ఉండగా పదహారు మూరల చీరను గోచీ పెట్టి కట్టేదట. ఊడ్పులకు వంగినా, మడిలో నడిచినా కాలికి అడ్డం పడని కట్టు అది. లోపల లంగా ఉండదు కనుక గుడ్డ మెత్తగా లేకపోతే తొడలు ఒరుసుకుపోతాయి. లంగా మీద కుచ్చిళ్లు దోపుకునే కట్టుకు మారాక పన్నెండు మూరలు సరిపోయాయి, ఒంటికీ చీరకూ మధ్య ఇంకో గుడ్డ వచ్చింది. చీర నూలు ఎలాంటిదో చర్మానికి తెలియడం సగం అప్పుడే తగ్గిపోయిందని నాకు అనిపిస్తుంది. పాత కట్టు మేలని వాదించడం లేదు, నేనైతే ఆ గోచీ కట్టుతో వీధి చివరి దాకా కూడా నడవలేను. కాని చీరను చేత్తో పట్టుకుని కాక ఒళ్లంతటితో ఎరిగిన మనుషులు కొనేవాళ్లుగా ఉన్నప్పుడు, మిల్లు నూలును ఖాదీ అని చెప్పి అమ్మడం ఇంత తేలిక అయి ఉండదు.

తిరిగి వచ్చేముందు అమ్మమ్మ చీర సంచిలోంచి తీసి మామ్మకు చూపించాను. ఆవిడ అంచు వైపు చూడలేదు. నడిమి గుడ్డను రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి, "మా కాలపుదే" అన్నారు. కుచ్చిళ్ల దగ్గర కాలి మట్టె తగిలి చిరిగిన చోటు చూసి, మిషను దారంతో మాత్రం కుట్టించవద్దనీ, ఆ దారం బిగుతుకు పక్క పోగులు కూడా తెగిపోతాయనీ హెచ్చరించారు. కదురు మీద మిగిలిన కాస్త నూలును అరటి దొప్ప ముక్కకు చుట్టి చేతిలో పెట్టారు. డబ్బులు ఇవ్వబోతే, దీనికేటి అని నా చెయ్యి తోసేశారు.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని ఆ చిరుగు మీద పడుగు వైపు కొన్ని, పేక వైపు కొన్ని పోగులు వేస్తున్నాను. సూదిలోకి ఎక్కించేలోపే పోగు రెండుసార్లు తెగుతుంది. తడి చేసి, పురి మళ్లీ ఎక్కించి, లాగకుండా రానివ్వడం కొంచెం కొంచెంగా అలవాటవుతోంది. మూడు అంగుళాల చిరుగులో అంగుళంన్నర పూడింది.