ఉసిరిచెట్టు లేని వనం

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

కార్తీకమాసం వచ్చిందంటే మా కోనసీమలో వనభోజనాల మాట లేకుండా ఒక్క ఆదివారమూ గడవదు. అయితే మేము వనం అని పిలుచుకునేది ఎవరో ఒకరి కొబ్బరితోటో మామిడితోటో అయివుంటుంది. డెల్టాలో పుట్టి పెరిగినవాళ్ళకు అడవి అంటే రంపచోడవరం దాటి మారేడుమిల్లి వైపు వెళ్ళి చూసి రావలసినదే. ముమ్మిడివరం పక్కన ఉన్న మా ఊరికి గంట ప్రయాణంలో, ఉప్పునీటి బురదలో పెరిగే కోరంగి మడ అడవి ఉందని తెలిసి కూడా, పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన పద్నాలుగేళ్ళలో నేను అందులో అడుగు పెట్టలేదు. కాకినాడ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, బట్టలు కొనడానికి వెళ్ళినప్పుడు, బస్సు కిటికీలోంచి దూరంగా ఒక ఆకుపచ్చని గీతలా చూసి ఊరుకున్నదాన్నే. ఈసారి వనభోజనం అక్కడే అని పిల్లలు పట్టుబట్టడంతో ఈ రోజు ఆ లోటు తీరింది.

అత్తయ్యగారు మొదట ఒప్పుకోలేదు. “ఉప్పుబురదలో ఉసిరిచెట్టు ఎక్కడుంటుందమ్మా? ఉసిరి నీడ లేకుండా కార్తీక వనభోజనం ఏమిటి?” అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. చివరకు ఆవిడే తెల్లవారుజామున దొడ్లోని ఉసిరిచెట్టు నుంచి కాయలున్న కొమ్మ ఒకటి కోయించి, తడిగుడ్డ చుట్టి, పులిహోర గిన్నె పక్కన జాగ్రత్తగా పెట్టుకున్నారు. కందాబచ్చలి కూర, గుత్తివంకాయ, పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ, అరిటాకులు సర్దుకుని ఎనిమిదింటికల్లా బయలుదేరాము.

ఎదుర్లంక దగ్గర వారధి ఎక్కగానే మావయ్యగారు కిటికీ అద్దం దించమన్నారు. లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగి గారి పేరు పెట్టిన ఆ వారధి 2002లో వచ్చేంతవరకు యానాం వైపు వెళ్ళాలంటే గోదావరి పాయ గౌతమిని పంటు మీద దాటవలసిందే. పంటు కోసం గట్టున గంటలకొద్దీ కూర్చున్న రోజుల గురించి ఆయన ఎన్నిసార్లు చెప్పినా నాకు వినాలనిపిస్తుంది, ఎందుకంటే ఆ కబుర్లలో గోదావరి ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది. యానాం దాటి తాళ్ళరేవు దారి పట్టాక మాత్రం కారులో మాటలు తగ్గిపోయాయి. ఒకప్పుడు వరిచేలు ఉన్నచోట రోడ్డుకు రెండు వైపులా రొయ్యల చెరువులు, వాటిలో నురగలు చిమ్ముతూ తిరిగే ఏరియేటర్లు కనిపించాయి. మా చుట్టాల్లోనూ చేలు చెరువులకు కౌలుకిచ్చినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ ఇబ్బందులు నాకు తెలుసు కాబట్టి వాళ్ళను తప్పు పట్టలేను. కానీ ఒకసారి ఉప్పునీరు పెట్టిన నేల మళ్ళీ వరికి రావడం ఎంత కష్టమో కూడా తెలుసు కనుక, ఆ చెరువుల మీదుగా చూపు సాగినంతసేపూ మనసు బరువుగానే ఉంది.

టికెట్లు తీసుకుని లోపలికి వెళ్ళేసరికి తొమ్మిదిన్నర అయింది. కోరంగి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. అందులో మనలాంటి వాళ్ళు నడవడానికి వీలున్నది చెట్ల మధ్యగా, బురదకు ఎత్తులో, వేసిన సన్నని చెక్కల దారి మాత్రమే. మొదట అది నాకు కొంచెం వెలితిగా తోచింది, అడవికి వచ్చి నేల మీద కాలు పెట్టకపోవడం ఏమిటని. ఇరవై అడుగులు వేశాక కిందికి చూస్తే సంగతి అర్థమైంది. అక్కడ నేల అనదగినది లేదు. నల్లగా నిగనిగలాడే మెత్తని ఒండ్రు, అందులోంచి వేలెడంత, జానెడంత పొడవున వేలకొద్దీ పుల్లలు ఆకాశం వైపు నిక్కి నిలబడి ఉన్నాయి.

“తాతయ్యా, ఇవన్నీ మొలకలా?” అని అడిగింది మా పెద్దమ్మాయి.

“మొలకలు కాదమ్మా, వేళ్ళు. ఈ బురదలో గాలి ఆడదు, అందుకని వేళ్ళే పైకి లేచి ఊపిరి పీల్చుకుంటాయి.”

ఆ బురద నుంచి కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంటే మా చిన్నవాడు ముక్కు మూసుకున్నాడు. ఆ వాసన కూడా గాలి ఆడకపోవడం వల్ల వచ్చేదే. వరినాట్లకు ముందు దమ్ము చేసిన మడిలో కాలు దిగబడినప్పుడు వచ్చే వాసనకు ఇది దగ్గరి బంధువు అని నాకు అనిపించింది, మావయ్యగారు కూడా ఔనన్నారు.

అక్కడక్కడా చెట్లకు పేర్ల పలకలు కట్టారు. కొన్ని వెలిసిపోయి చదవడానికి రాకపోయినా, పేర్లన్నీ మావయ్యగారికి నోటికి వచ్చు. ఆకు అడుగున బూడిదరంగు తెలుపు ఉన్నది తెల్లమడ. ఆకు కాస్త గుండ్రంగా, ముదురుగా ఉండేది నల్లమడ. కాండం నుంచి విల్లుల్లా వంగిన వేళ్ళను బురదలోకి దించుకుని, నాలుగు పక్కలా ఊతకర్రలు పెట్టినట్టు నిలబడేది ఉప్పుపొన్న. ఎండే ముందు ఆకులు ఎర్రబారుతున్న చెట్టును చూపించి ఆయన పిల్లలిద్దరినీ చేయి పట్టి వెనక్కి లాగారు. అది తిల్ల, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదమని కట్టెలు కొట్టేవాళ్ళు ఎప్పుడూ భయపడేవారట. ఆయన చిన్నతనంలో మడకట్టెలు బళ్ళ మీద ఊళ్ళలోకి వచ్చేవని, గేదెలకు మడాకు కోసి వేసేవారని చెప్పారు. అంటే నేను ఇవాళ అభయారణ్యం అని టికెట్టు కొని చూస్తున్నది, ఆయన తరానికి పొయ్యిలో కట్టె, గేదెకు మేత.

ఒకచోట తెల్లమడ కొమ్మ దారి మీదికి వంగి ఉంది. మావయ్యగారు ఆకు తుంచకుండా, దాని మీద వేలితో నెమ్మదిగా రాసి ఆ వేలిని నాలుక మీద పెట్టుకున్నారు. నన్నూ అలా చేయమన్నారు. దగ్గరగా చూస్తే ఆకు పైన పంచదార చల్లినట్టు సన్నని మెరుపు కనిపించింది. నాలుక మీద అది అచ్చమైన ఉప్పు. వేళ్ళు సముద్రపు నీటిలోని ఉప్పును చాలావరకు బయటే ఆపుతాయి, తప్పించుకుని లోపలికి వచ్చినదాన్ని ఆకులు ఇలా చెమటలా బయటకు నెట్టివేస్తాయి. పిల్లలు ఆ కొమ్మను వదిలి ముందుకు కదలడానికి చాలాసేపు పట్టింది. అత్తయ్యగారు కూడా చూద్దామని వేలు పెట్టి, “ఊరగాయకు సరిపోతుంది” అన్నారు.

ఇంతలో కింద బురదలో ఏదో కదిలింది. మొదట ఒక పీత, తరువాత పది, చూస్తుండగా ఆ బురదంతా ఎర్రెర్రగా కదలసాగింది. మగపీతలకు ఒక డెక్క ఒంటికన్న పెద్దదిగా ఉంటుంది, దాన్ని ఎత్తుతూ దించుతూ ఎవరినో రమ్మని పిలుస్తున్నట్టు ఊపుతాయి. వాటి మధ్యలోంచి బొటనవేలంత చేప ఒకటి రెక్కల మీద పాకుతూ వచ్చి, ఒక వేరు మీదికి ఎక్కి, ఉబ్బిన కళ్ళతో మా వైపు చూసింది. నీళ్ళు లేనిచోట చేప నడవడం మా చిన్నవాడికి ఎంత నచ్చిందంటే, నీరుకుక్కలు, బావురుపిల్లులు కూడా ఇక్కడ ఉంటాయని వాళ్ళ నాన్న ఆశ పెట్టినా వాడు తల తిప్పలేదు.

పడవల దగ్గర పనిచేసే ఒక పెద్దాయన మా పక్కనే నిలబడి, “కాసేపు ఆగండి, పోటు ఎక్కుతోంది. ఈ బురదంతా కనపడకుండా పోద్దండి, ఆయ్” అన్నారు. పౌర్ణమి వెళ్ళి మూడు రోజులే కావడంతో పోటు ఇంకా జోరుగానే ఉంది. చప్పుడేమీ లేకుండా, చీరకుచ్చిళ్ళు విప్పుతున్నట్టు, నీరు వేళ్ళ మధ్యకు పాకి వచ్చింది. పీతలు ఒక్కొక్కటే బొరియల్లోకి దిగి పైన మూత పెట్టుకున్నాయి. అరగంటలో ఆ వేలకొద్దీ పుల్లల్లో సగం మునిగిపోయాయి. రోజుకు రెండుసార్లు ఇదే జరుగుతుందని తెలిసినా, కళ్ళ ముందు చూడడం వేరు.

ఆ పెద్దాయనతో మాటలు కలిశాక ఇంకొక సంగతి తెలిసింది. ఒకప్పుడు కూపులు వేసి, అంటే అడవిని భాగాలుగా పంచి, వరసగా నరికించిన చోట్ల నేల కుంగి, పోటునీరు వచ్చి నిలిచిపోయి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుపోయి, మళ్ళీ మొక్క మొలవలేదట. 1990ల చివరలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను కలుపుకుని, చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి, పోటూ పాటూ మళ్ళీ ఆ నేలలోకి వచ్చిపోయేలా చేశారు. ఆ తవ్వకంలో తానూ ఉన్నానని ఆయన చెప్పినప్పుడు ఆ గొంతులో కనిపించిన తృప్తిని నేను మరిచిపోలేను. పంటకాలువల మీద బతికే మాకు ఇది ఎంత తెలిసిన విద్య! నీరు రావడానికి ఎంత దారి కావాలో, పోవడానికీ అంతే దారి కావాలని మురుగుకాలువ పూడిన ప్రతి రైతుకూ తెలుసు.

మావయ్యగారు ఆయనను 1996 తుపాను గురించి అడిగారు. నవంబరు 6న, దీపావళికి కొద్ది రోజుల ముందు, ఆ గాలి మా ప్రాంతం మీద పడింది. మా ఇంటి పెంకులన్నీ లేచిపోయి, పెరట్లో కొబ్బరిచెట్లు మొదళ్ళకు విరిగిపోయిన రాత్రి గురించి ఈ ఇంట్లో ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడుకుంటారు. వేటకు వెళ్ళి తిరిగి రాని తనవాళ్ళను పెద్దాయన లెక్కపెట్టి చెప్పారు. తరువాత చెట్ల వైపు చెయ్యి చూపి, “ఇయ్యి అడ్డం ఉన్నకాడ కెరటం జోరు తగ్గిందండి” అన్నారు. వెళ్ళేటప్పుడు మావయ్యగారు ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు.

అంతకు చాలా ముందే, 1789లోనూ 1839లోనూ ఇదే కోరంగిని సముద్రం ముంచెత్తింది. అప్పటికి ఇది ఓడలు కట్టిన రేవు. ఇక్కడి నుంచి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళినవాళ్ళు ఎంతమంది అంటే, బర్మాలో తెలుగువాళ్ళందరికీ కోరంగీలు అన్న పేరే నిలిచిపోయింది. మా మావయ్యగారి తాతగారి అన్న కూడా రంగం వెళ్ళి తిరిగి రాలేదు. తుపాన్లకు తోడు గోదావరి తెచ్చిన ఒండ్రు కూడా ఆ రేవును పూడ్చివేసింది. త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు మోసుకొచ్చిన మట్టితోనే నది మా చేలను చేసింది, కాకినాడ ముందు హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బను చేసింది, ఓడలు ఆగినచోట ఈ అడవిని చేసింది. ఇన్నాళ్ళూ మా చేను వేరు, ఆ ఆకుపచ్చని గీత వేరు అనుకున్నాను. నిజానికి అవి రెండూ ఒకే మట్టి, ఒకటి తీపినీటి వైపు, ఒకటి ఉప్పునీటి వైపు. ఎగువన ఆనకట్టలు పెరిగిన కొద్దీ ఆ మట్టి రావడం తగ్గుతోందన్న సంగతి చేను ఉన్నవాళ్ళకు ఎంత ముఖ్యమో ఈ చెట్లకూ అంతే ముఖ్యం.

వేళ్ళ మధ్య చిక్కుకున్న ప్లాస్టిక్ సీసాలను, చిప్సు పొట్లాలను చూసి మాత్రం ప్రాణం ఉసూరుమంది. పోటు తెచ్చినవి కొన్ని, దారి మీదనుంచి విసిరినవి కొన్ని. చేతికి అందినవి నాలుగు మా వారు ఏరి సంచిలో వేసుకున్నారు.

భోజనాలు లోపల పెట్టుకోలేదు. బయటకు వచ్చి రోడ్డు పక్క నీడలో జంపఖానా పరిచి, అత్తయ్యగారు ఉసిరికొమ్మను మధ్యలో ఒక చెంబులో నిలబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, దీపం వెలిగించారు. గాలికి రెండుసార్లు కొండెక్కినా మూడోసారి నిలిచింది. ఆకు ముందు కూర్చున్నాక ఆవిడే, “వచ్చే ఏడు మీ అమ్మావాళ్ళను కూడా పిలుద్దాం” అన్నారు.

ఇంటికి వచ్చి పిల్లల బట్టలు నానబెడుతుంటే చిన్నవాడి నిక్కరు జేబులో ఏదో తగిలింది. తెల్లమడ గింజ. చెక్కల మీద రాలి పడినదాన్ని చెప్పకుండా తెచ్చుకున్నాడు. ఆకారంలో అనపగింజలా ఉంది. జేబు తడికి పైతోలు అప్పటికే ఊడి, లోపల మడత పెట్టిన రెండు మందపాటి ఆకుపచ్చ బద్దలు, కింద మెత్తని నూగుతో వేరు మొన కనిపిస్తున్నాయి. ఈ గింజ చెట్టు మీద ఉండగానే లోపల మొలకెత్తివుంటుంది, నీటిలో పడ్డాక తోలు వదిలి, తేలుతూ పోయి, బురద తగిలినచోట నాటుకుంటుంది. వాడిని కోప్పడదామనుకుని, వాడి ముఖం చూసి, అక్కడివి అక్కడే ఉండాలని మాత్రం చెప్పాను. మావయ్యగారు మంగళవారం ఎదుర్లంకలో పని ఉందన్నారు. వారధి కింద గౌతమికి పోటు తగులుతుంది, ఒడ్డున మడచెట్లూ ఉన్నాయి, అక్కడ వదిలి వస్తానన్నారు. అంతవరకు ఉప్పు చిటికెడు కలిపిన నీళ్ళలో, స్టీలు గ్లాసులో, వంటింటి కిటికీ మీద పెట్టాను. వాడు పడుకునే ముందు రెండుసార్లు లేచి వెళ్ళి చూసి వచ్చాడు.