డిస్కవరీ 3 ఎయిర్ సస్పెన్షన్: వెంట్ పైపు మార్చే ముందు సైలెన్సర్ విప్పి చూడండి

ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3 పైకి బాగానే లేచి, కిందికి దిగడానికి మొరాయిస్తుంటే, స్కానర్‌లో సీ1ఏ13 (గాలి వదిలినా ప్రెషర్ తగ్గడం లేదనే లోపం) కోడ్ కనిపిస్తుంటే, ముందు అనుమానించాల్సింది గాలి బయటికి పోయే వెంట్ దారినే.

బండి దిగేటప్పుడు ఎయిర్ స్ప్రింగుల్లోని గాలి, వాటికి గాలి పంచే వాల్వ్ బ్లాకుల మీదుగా కంప్రెసర్‌కు తిరిగొస్తుంది. తేమ పీల్చే డ్రయ్యర్ గింజల గుండా వెళ్ళి, కంప్రెసర్‌లో గాలి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ దాటి, వెంట్ పైపు, దాని చివర గాలి చప్పుడు తగ్గించే సైలెన్సర్ (ఇంజిన్ సైలెన్సర్ కాదు) ద్వారా బయటపడుతుంది. పోతూపోతూ ఆ గింజలు పీల్చుకున్న తేమను కూడా పట్టుకుపోతుంది. అందుకే వెంట్ పూడుకుంటే గింజలు ఆరవు, తేమ వాల్వ్ బ్లాకుల్లో చేరి వాటిని పాడుచేస్తుంది. పైపు చీలినా ప్రమాదమే. బురద, దుమ్ము లోపలికి చేరితే ఎగ్జాస్ట్ వాల్వ్ సరిగా మూసుకోదు.

కంప్రెసర్ ఎడమ వెనక చక్రానికి ముందు, ఛాసిస్ పక్కన, మూతపెట్టెలో ఉంటుంది. బండిని ఆఫ్‌రోడ్ ఎత్తుకు లేపి, చక్రాలకు అడ్డు పెట్టి, ఛాసిస్ కింద జాక్ స్టాండ్లు నిలపండి. తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. ఇది మాత్రం మానొద్దు. ఇగ్నిషన్ ఆపిన రెండు గంటలకు ఒకసారి, ఆ తర్వాత ప్రతి ఆరు గంటలకోసారి ఈ సిస్టం తనంతట తానే మేల్కొని, గాలి వదిలి బండిని సమం చేసుకుంటుంది. కింద మనిషి ఉన్నాడని దానికి తెలియదు.

మూత విప్పాక పైపులను బాగా గుర్తుపట్టండి. వాల్వ్ బ్లాక్ వైపు వెళ్ళే సన్నటి నైలాన్ పైపులో ప్రెషర్ ఉండొచ్చు, దాని జోలికి పోవద్దు. వెంట్ పైపు ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గర మొదలై సైలెన్సర్ దాకా వెళ్తుంది. తీసేముందు అది వెళ్ళే దారిని ఫోటో తీసుకోండి.

సైలెన్సర్‌ను తెల్ల కాగితం మీద కాదు, నల్లటి గుడ్డ మీద దులపండి. తెల్లటి పొడి రాలితే అది డ్రయ్యర్ గింజలు అరిగిన పొడి. అప్పుడు పైపొక్కటే మారిస్తే కొన్నాళ్ళకు మళ్ళీ పూడుకుంటుంది. గింజలు మార్చాలి, ఎగ్జాస్ట్ వాల్వ్ విప్పి శుభ్రం చేయాలి, సైలెన్సర్ కూడా కొత్తది వేయాలి.

కొత్త పైపు కొనేటప్పుడు పాత ముక్క తీసుకెళ్ళి బయటి కొలత, లోపలి కొలత రెండూ వెర్నియర్‌తో చూడండి. లోపలి రంధ్రం చిన్నదైతే గాలి నెమ్మదిగా పోతుంది, అదే కోడ్ తిరిగొస్తుంది. పైపును కటింగ్ ప్లయర్‌తో నొక్కితే మూతి నలిగిపోతుంది, పదునైన బ్లేడుతో నిటారుగా కోయండి. వేడెక్కే కంప్రెసర్ తలకు ఆనకుండా, ఎక్కడా మడత పడకుండా పాత దారిలోనే బిగించండి. పొడవు మిగిలిందని కింద వేలాడదీయకండి, వాన నీరు లాగేస్తుంది.

బిగించాక స్టాండ్లు తీసి, బ్యాటరీ తిరిగి కలిపి, ఇంజిన్ ఆన్‌లో పూర్తిగా లేపి, దించి చూడండి. పక్కన నిలబడి వినండి, చేయి లోపల పెట్టొద్దు. దిగుతున్నంతసేపు గాలి ధారాళంగా బుస్సుమని పోవాలి, బండి ఆగగానే చప్పుడు తెగినట్టు ఆగాలి. ఆగాక కూడా సన్నగా సిస్సుమంటుంటే ఎగ్జాస్ట్ వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు. అది పైపు తప్పు కాదు, వాల్వ్ విప్పాల్సిందే.