ఒకే ఫోల్డర్‌లో నలుగురం: పర్మిషన్లు దారికి తెచ్చిన నా అనుభవం

మా టీమ్‌లో నలుగురం ఒకే లినక్స్ సర్వర్‌లో లాగిన్ అయి ఒకే సైట్ ఫైళ్ల మీద పనిచేస్తాం. ఒకరు పెట్టిన ఫైల్‌ని ఇంకొకరు సేవ్ చేయబోతే చాలు, "పర్మిషన్ డినైడ్". విసుగెత్తి ఎవరో ఫోల్డర్ మొత్తానికి 777 ఇచ్చేశారు. సర్వర్ నా చేతికి వచ్చేసరికి ఉన్న పరిస్థితి అది. ఈ మూడు అంకెలు వరుసగా ఓనర్, గ్రూప్, మిగతా అందరి హక్కులు; చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1 కలిపితే వచ్చేవి. 777 అంటే ఆ మెషీన్‌లో ఉన్న ఏ యూజరైనా, నడిచే ఏ ప్రోగ్రామైనా మన కోడ్‌ని తిరగరాయొచ్చు. ముందు అది పోవాల్సిందేనని పట్టుబట్టాను.

సైట్‌టీమ్ అని ఒక గ్రూప్ పెట్టి నలుగురినీ అందులో చేర్చాను. అక్కడే పెద్ద పొరపాటు జరిగింది. యూజర్‌ని గ్రూప్‌లో చేర్చే యూజర్‌మాడ్ కమాండ్‌లో పెద్ద జీ ఇచ్చి, దాని ముందు చిన్న ఏ పెట్టడం మర్చిపోయాను. ఆ ఏ లేకపోతే కొత్త గ్రూప్ అదనంగా చేరదు, యూజర్ ప్రైమరీ గ్రూప్ తప్ప పాత గ్రూపులన్నీ పోయి అదొక్కటే మిగులుతుంది. ఒక సహోద్యోగికి సుడో, అంటే అడ్మిన్ హక్కుతో కమాండ్లు నడిపే వీలు, పోయింది. నాది నిలిచి ఉంది కాబట్టి వెంటనే తిరిగి ఇవ్వగలిగాను. ఇంకో మాట, గ్రూప్‌లో చేర్చాక వాళ్లు లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితే తప్ప అది అమల్లోకి రాదు. ఐడీ కమాండ్ కొడితే వచ్చిందో లేదో తెలుస్తుంది.

తర్వాత ఫోల్డర్లకు 2775, ఫైళ్లకు 664 ఇచ్చాను. పర్మిషన్లు మార్చే ఛ్‌మాడ్ కమాండ్‌ని రెండింటికీ 2775తోనే కొడితే ప్రతి ఫైలూ ఎగ్జిక్యూటబుల్ (ప్రోగ్రామ్‌లా నడపగలిగేది) అయిపోతుంది, అందుకే ఫైళ్లను వెతికే ఫైండ్ కమాండ్‌తో విడివిడిగా చేశాను. ముందున్న ఆ 2 సెట్‌జిడ్. దాని వల్ల లోపల పుట్టే ప్రతి ఫైలుకీ ఫోల్డర్ గ్రూపే వస్తుంది. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్‌ని వివరాలతో కొడితే గ్రూప్ భాగంలో ఎక్స్ బదులు ఎస్ కనిపిస్తుంది.

అయినా కొత్త ఫైళ్లు 644తోనే పుడుతున్నాయి. గ్రూప్ సరైనదే, రాసే హక్కే లేదు. కారణం యుమాస్క్ 022, అంటే కొత్త ఫైల్ పుట్టేటప్పుడు తీసేయాల్సిన హక్కుల లెక్క. దాన్ని 002 చేసి అందరి ప్రొఫైల్‌లో పెట్టాను. టెర్మినల్‌లో పనిచేసే ముగ్గురికీ కుదిరింది. ఎస్‌ఎఫ్‌టీపీతో అప్‌లోడ్ చేసే నాలుగో మనిషి ఫైళ్లు మాత్రం మళ్లీ 644. ఆ దారిలో లాగిన్ ప్రొఫైల్ చదవడమే జరగదు. ఒక్కొక్కరి యుమాస్క్ వెంట పడడం కంటే ఫోల్డర్‌కే నియమం పెట్టడం మేలనిపించి, సెట్‌ఎఫ్‌ఏసీఎల్‌తో డిఫాల్ట్ ఏసీఎల్ (ఎవరికి ఏ హక్కో చెప్పే అదనపు జాబితా, లోపల పుట్టే ఫైళ్లకు దానంతటదే వచ్చేది) ఇచ్చాను. అది ఉన్న ఫోల్డర్‌లో కొత్త ఫైల్ పుట్టేటప్పుడు యుమాస్క్‌ని సిస్టమ్ పట్టించుకోదు. అందులో నడిపే హక్కైన ఎక్స్‌ని పెద్దక్షరంలో ఇస్తే అది ఫోల్డర్లకూ, ముందే ఎగ్జిక్యూటబుల్‌గా ఉన్నవాటికీ మాత్రమే వర్తిస్తుంది. మామూలు ఫైళ్ల జోలికి పోదు.

అంతా అయిపోయిందనుకున్నాక ఒక సీఎస్‌ఎస్ ఫైల్ మొరాయించింది. ఎల్ఎస్‌లో చూస్తే ఓనర్ చోటా, గ్రూప్ చోటా ఒకే మనిషి పేరు. అతను దాన్ని తన హోమ్ ఫోల్డర్ నుంచి, ఫైల్‌ని జరిపే ఎంవీ కమాండ్‌తో తెచ్చాడు. అదే డిస్క్‌లో ఎంవీ చేస్తే ఫైల్ కొత్తగా పుట్టదు, చోటు మాత్రమే మారుతుంది. సెట్‌జిడ్ గానీ, డిఫాల్ట్ ఏసీఎల్ గానీ దాన్ని తాకవు. పైగా గ్రూప్‌లో మిగతావాళ్లు దాన్ని సరిచేయలేరు, ఛ్‌మాడ్ హక్కు ఓనర్‌దీ, సర్వర్ మీద సర్వాధికారం ఉండే రూట్ యూజర్‌దీ మాత్రమే. ఎంవీ బదులు కాపీ చేసే సీపీ వాడమని అందరికీ చెప్పాను. సీపీతోనూ ఒక మెలిక ఉంది. అసలు ఫైల్ 600గా ఉంటే ఏసీఎల్ మాస్క్, అంటే గ్రూప్‌కి దక్కగల హక్కుల హద్దు, కుదించుకుపోతుంది, ఏసీఎల్‌ని చూపే గెట్‌ఎఫ్‌ఏసీఎల్‌లో గ్రూప్ వరుస పక్కన "ఎఫెక్టివ్" అని తగ్గిన హక్కు చూపిస్తుంది.

వెబ్ సర్వర్ యూజర్‌ని మా గ్రూప్‌లో కావాలనే చేర్చలేదు. కోడ్ చదివితే చాలు దానికి. రాసే హక్కు అప్‌లోడ్స్ ఫోల్డర్ ఒక్కదానికే ఇచ్చాను. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న కాన్ఫిగ్ ఫైల్‌కి ముందు ఆ యూజర్ కోసం ఏసీఎల్‌లో చదివే హక్కు ఇచ్చి, ఆ తర్వాత 640 చేశాను. ఈ వరుస తిరగబడకూడదు, తిరగబడితే సెట్‌ఎఫ్‌ఏసీఎల్ మాస్క్‌ని మళ్లీ లెక్కగట్టి గ్రూప్‌కి రాసే హక్కు తిరిగి తెచ్చేస్తుంది.

చివరికి గ్రూప్‌కి రాసే హక్కు లేని ఫైళ్లేవని ఫైండ్‌తో వెతికాను. ఆ ఒక్క కాన్ఫిగ్ ఫైలే వచ్చింది.