ఆ గడిలో "లేదు" అని రాశాను

2020 లాక్‌డౌన్‌లో చెస్ ఇంజిన్, అంటే తనంతట తాను చెస్ ఆడే ప్రోగ్రాం, రాయడం మొదలుపెట్టాను. పగలంతా ఆఫీసు పని, రాత్రి పదిన్నర దాటాక ఇది. 'బంటు' అని పేరు పెట్టుకున్నాను. మొదటి మూడు నెలలూ ఎత్తులు లెక్కపెట్టించడంతోనే సరిపోయింది. ఇంజిన్ రాసే ప్రతివాళ్లూ దాటాల్సిన పరీక్ష అది. ఆట మొదటి స్థితి నుంచి ఐదు ఎత్తుల లోతు వరకు ఎన్ని దారులున్నాయో లెక్కపెట్టిస్తే సరిగ్గా 48,65,609 రావాలి. నాకు 48,65,351 వచ్చింది. 258 తక్కువ. అవి ఎక్కడ పోయాయో వెతుకుతూ నాలుగు రాత్రులు కూర్చున్నాను. రెండు గళ్లు దూకి పక్కకొచ్చిన బంటును పట్టే ఎన్ పాసాంట్ ఎత్తు నా ప్రోగ్రాంలో అసలు పుట్టడమే లేదు. ఒక్కచోట ప్లస్ బదులు మైనస్ రాశాను. సరిచేశాక అంకె కలిసింది. నేను అరిచిన అరుపుకి అమ్మ లేచొచ్చి "ఏమైందిరా?" అంది.

ఆ భాగంలో ఏ వరుస ఎందుకుందో నన్ను ఇప్పుడు అడిగినా చెప్పగలను. తర్వాత నేను పడ్డ ఇబ్బందంతా అలా చెప్పలేని ఒక భాగం వల్లే.

రెండేళ్లకి 'బంటు'ని ఒక ఆన్‌లైన్ ఇంజిన్ టోర్నమెంటుకి పంపాను. మనుషుల ఆటలో ఫెయిర్ ప్లే అంటే ఎవరూ దొంగచాటుగా కంప్యూటర్ సాయం తీసుకోకూడదని అర్థం. ఇక్కడ ఆడేదే కంప్యూటర్ కాబట్టి అడిగే ప్రశ్న వేరు: ఈ ప్రోగ్రాం ఎవరిది? మిగతా సమానత్వం ఏర్పాట్లలోనే ఉంటుంది. అందరికీ ఒకే రకం ప్రాసెసర్, ఒకే మెమరీ, ఒకే టైము. ఓపెనింగులు, అంటే ఆట మొదటి కొన్ని ఎత్తులు, నిర్వాహకులే ఇస్తారు. ఒక్కో ఓపెనింగ్‌ని తెల్లతో ఒకసారి, నల్లతో ఒకసారి ఆడిస్తారు కాబట్టి అది ఎవరికి అనుకూలమైనా ఇద్దరికీ ఒకటే. దరఖాస్తులో మాత్రం ఒక గడి ఉంది: "ఇతరులు రాసిన కోడ్ ఏదైనా ఉందా? ఉంటే ఏ ఫైల్లో, ఎక్కడి నుంచి తీసుకున్నారు?"

"లేదు" అని రాసి పంపించాను. అబద్ధం రాస్తున్నానన్న స్పృహ నాకు నిజంగా లేదు.

రెండు వారాలకి నిర్వాహకుల నుంచి మెయిల్ వచ్చింది. చాలా మర్యాదగా రాశారు. రెండు ఫంక్షన్ల పేర్లు, వరుస సంఖ్యలతో సహా ఇచ్చి, ఇవి స్టాక్‌ఫిష్ అనే పేరున్న చెస్ ఇంజిన్ పాత వెర్షన్‌కి బాగా దగ్గరగా ఉన్నాయి, కాస్త వివరిస్తారా అని అడిగారు. చదవగానే ఒళ్లు మండింది. రెండేళ్ల నిద్ర దీనికి పెట్టాను, నన్ను అనుమానిస్తారా అనిపించింది. మర్నాడు ఆఫీసులో నా టీమ్ కుర్రాడికి చూపించాను. వాడు మెయిల్ మొత్తం చదివి, "కోపం తర్వాత తెచ్చుకుందువుగాని అన్నా, ముందు గిట్ హిస్టరీ తియ్" అన్నాడు.

తీశాం. కోడ్‌లో ఏ మార్పు ఎప్పుడు చేశానో అంతా అందులో ఉంటుంది. అప్పటిదాకా నా కోడ్ ఐదు వరుసలు, పది వరుసలు, రెండు తీసివేతలు, మళ్లీ మూడు అన్నట్టు పెరిగింది. ఒక రోజు రాత్రి 11:47కి మాత్రం 140 వరుసలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. అందులో ఒక్క తప్పు లేదు, ఆ తర్వాత ఒక్క సవరణ లేదు. వేరియబుల్ పేర్లు మాత్రం నావి. ఆ రాత్రి గుర్తొచ్చింది. ఎడమ కిటికీలో స్టాక్‌ఫిష్ సోర్సు, కుడి కిటికీలో నాది. చదివి నేర్చుకుంటున్నాననే అనుకున్నాను. పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాస్తూ మాటలు అటూ ఇటూ మార్చినట్టు, పేర్లు మార్చుకుంటూ దించేశాను. మా టీమ్ కుర్రాడు నా వైపు చూడకుండా స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం రైబ్కా అనే ఇంజిన్ మీద జరిగిన గొడవ మళ్లీ మొదటి నుంచి చదివాను. వాసిక్ రాజ్లిచ్ రాసిన రైబ్కా 2007 నుంచి 2010 వరకు వరసగా నాలుగేళ్లు ప్రపంచ కంప్యూటర్ చెస్ టైటిల్ గెలిచింది. అందులో ఫాబియాన్ లెటూజే రాసిన ఫ్రూట్ నుంచీ, రాబర్ట్ హయాట్ రాసిన క్రాఫ్టీ అనే ఇంజిన్ నుంచీ తీసుకున్నవి ఉన్నాయని తోటి ప్రోగ్రామర్లు ఫిర్యాదు చేశారు. 2011 జూన్‌లో ఆ పోటీలు నడిపే సంస్థ ఐసీజీఏ ఆ టైటిళ్లన్నీ వెనక్కి తీసుకుంది. ఏది ఆలోచన, ఏది నకలు అన్న వాదన ఆ తర్వాత కూడా ఆగలేదు. నా వరకు ఆ వాదనకి తావే లేదు. ఆల్ఫా-బీటా, నల్ మూవ్ లాంటి, ఎత్తుల్ని వెతికే పద్ధతులు అందరి ఉమ్మడి ఆస్తి, ఎవరైనా వాడుకోవచ్చు. ఇంకొకరు వాటిని రాసిన తీరు అలా కాదు. స్టాక్‌ఫిష్ సోర్సు అందరికీ తెరిచే ఉంటుంది, కానీ జీపీఎల్ లైసెన్సు కింద. వాడుకుని పంచిపెడితే ఎక్కడిదో చెప్పాలి, మన కోడూ అదే లైసెన్సు కింద తెరిచిపెట్టాలి. దీని మీదే స్టాక్‌ఫిష్ బృందం 2021లో చెస్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ చెస్‌బేస్ మీద జర్మనీలో దావా వేసింది, 2022 నవంబరులో రాజీ కుదిరింది.

జవాబు రాయడానికి రెండు రోజులు పట్టింది. వివరణలతో మొదలుపెట్టిన చిత్తుప్రతులు మూడు కొట్టేశాను. చివరికి నాలుగు వాక్యాలే పంపాను: మీరు చెప్పింది నిజం, ఫలానా తేదీన చూసి రాశాను, దరఖాస్తులో తప్పు రాశాను, ఈ సీజన్ నుంచి తప్పుకుంటున్నాను.

తర్వాత ఆ 140 వరుసలూ తీసేశాను. మంచివి ముందు వచ్చేలా పేర్చిన జాబితాలో వెనకబడ్డ ఎత్తుల్ని తక్కువ లోతులో చూసి వదిలేసే భాగం అది, ఇంజిన్ బలంలో చాలా భాగం అక్కడే ఉంటుంది. సోర్సు ఏదీ తెరవకూడదని నియమం పెట్టుకున్నాను. పద్ధతిని మాటల్లో వివరించిన వ్యాసాలు చదివి, లాప్‌టాప్ మూసి, నోటుబుక్కులో నా సొంత లెక్క వేసుకుని, ఖాళీ ఫైలుతో కూర్చున్నాను. మొదటి వెర్షన్ పాత 'బంటు' కంటే 70 ఈలో (ఆటబలాన్ని కొలిచే పాయింట్లు) బలహీనంగా వచ్చింది. మే నెల ఉక్కలో రాత్రంతా దాన్ని దానితోనే ఆడిస్తూ, తెల్లారి లెక్కలు చూసుకుంటూ, ఒక్కో అంకె మార్చుకుంటూ వెళ్లాను. మూడు నెలలకి 50 దాకా తిరిగొచ్చింది. మిగతా 20 రాలేదు. ఆ 20 నావి కావు.

తర్వాతి సీజన్‌లో ఆ గడిలో "ఉంది" అని రాశాను. గళ్లకి విలువలిచ్చే పట్టిక ఎవరిదో, ఎండ్‌గేమ్ టేబుల్‌బేస్ (కొద్ది పావులే మిగిలిన స్థితుల ఫలితాలు ముందే లెక్కేసి పెట్టిన పట్టిక) చదివే కోడ్ ఎవరిదో అన్నీ రాశాను. స్థితి ఎవరికి అనుకూలమో అంచనా వేసే న్యూరల్ నెట్‌వర్క్‌కి శిక్షణ 'బంటు' తనతో తాను ఆడిన ఆటలతోనే ఇచ్చానని కూడా చేర్చాను. ఈసారి మూడు రోజుల్లోనే ఒప్పుకున్నారు.

రెండో రౌండులో, ఐదో రౌండులో 'బంటు' టైము దాటి ఓడింది. వాళ్ల యంత్రానికి నేను వదిలిన 10 మిల్లీసెకన్ల జాగా చాలలేదు. టోర్నమెంటు మధ్యలో మార్చడానికి నిబంధనలు ఒప్పుకోవు, మార్చమని అడగలేదు. ఏడో రౌండులో దీనికి తిరగబడ్డ సంగతి జరిగింది. మేం ఖాయంగా ఓడే స్థితిలో అవతలి ఇంజిన్ 61వ ఎత్తు దగ్గర కుప్పకూలింది. కూలిన ఇంజిన్ ఓడినట్టే లెక్క, పాయింటు నాకొచ్చింది. మనసొప్పక, దీన్ని కనీసం డ్రాగా మార్చండి అని నిర్వాహకులకి రాశాను. కుదరదన్నారు. ఆ అర పాయింటు మీ ఇద్దరిదే కాదు, దాని మీద ఇంకో మూడు ఇంజిన్ల స్థానాలు ఆధారపడి ఉన్నాయన్నారు.

2003లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో, ప్రపంచ కంప్యూటర్ చెస్ పోటీల్లో జరిగింది ఇదే. ష్రెడర్ అనే ఇంజిన్ మీద ఆడుతున్న జానీ అనే ఇంజిన్, ఒకే స్థితి మూడుసార్లు వచ్చిందని తెర మీద చూపించింది. క్లెయిమ్ చేస్తే డ్రా. గెలిచే స్థితిలో ఉన్న ష్రెడర్‌ని ఏదో బగ్ ఆపిందనీ, దాని మీద అర పాయింటు కొట్టేయడం న్యాయం కాదనీ అనుకుని జానీ ప్రోగ్రామర్ ఆట కొనసాగించాడు. ష్రెడర్ ఆ ఆట గెలిచింది, ఫ్రిట్జ్ అనే ఇంకో ఇంజిన్‌తో సమానంగా నిలిచింది, ప్లేఆఫ్‌లో టైటిల్ కొట్టింది. ఆయన పెద్దమనసుకి మూల్యం చెల్లించింది ఆ బల్ల దగ్గర లేని ఫ్రిట్జ్. ఇది తెలిసి కూడా నేను అదే అడిగాను.

పాయింటు నా ఖాతాలోనే ఉంది. అవతలి ప్రోగ్రామర్‌కి మాత్రం ఆ 61వ ఎత్తు నాటి స్థితి, నా వైపు లాగ్ మొత్తం పంపించాను. రెండు రోజులకి జవాబొచ్చింది. బంటును మంత్రిగా కాక గుర్రంగా మార్చే చోట మెమరీ హద్దు దాటుతోందట. సరిచేసిన వెర్షన్ జత చేసి, మీ ఇంజిన్‌తో ఒక పది ఆటలు ఆడించి చూస్తారా అని అడిగాడు. ఆ రాత్రే ఆడించాను. పదిలో ఏడు అతని ఇంజినే గెలిచింది.