ఎంఫిల్ క్లినికల్ సైకాలజీ సీటు రెండోసారికి వచ్చింది – నా అనుభవం

ఎంఏ సైకాలజీ చేస్తే క్లినికల్ సైకాలజిస్ట్ అయిపోతా అనుకున్నా, ఫైనల్ ఇయర్‌లో గానీ తెలీలేదు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉన్న చోట రెండేళ్ల ఎంఫిల్ చేసి రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలని. మా నాన్న నాగర్‌కర్నూల్‌లో హమాలీ, ఇంట్లో డిగ్రీ దాటింది నేనే, అడుగుదామంటే ఎవరున్నారు.

అప్పట్లో ఆ సీటుకి పీజీలో 55 శాతం ఉండాల్సి ఉండేది, మా ఎస్సీలకి 50. కేంద్ర సంస్థల్లో మాకు 15 శాతం రిజర్వేషన్ ఉంది కానీ మొత్తం సీట్లే పదో పన్నెండో ఉంటే అందులో మాకొచ్చేది ఒకటో రెండో.

మొదటిసారి రాతపరీక్ష పాసయ్యా, ఇంటర్వ్యూలో పోయింది. డెల్యూజన్‌కి (ఎంత రుజువు చూపినా వదలని తప్పుడు నమ్మకం) ఓవర్‌వాల్యూడ్ ఐడియాకి (అంత గట్టిది కాకపోయినా మనసంతా ఆక్రమించే నమ్మకం) తేడా అడిగారు, నాకు వచ్చు, ఇంగ్లీష్‌లో రెండు ముక్కలు చెప్పి ఆగిపోయా. తెలుగులో చెప్పొచ్చా మేడమ్ అంటే కుదరదమ్మా అన్నారు. బస్‌లో ఇంటిదాకా ఏడుస్తూనే ఉన్నా.

తర్వాత మా హాస్టల్ సీనియర్ అక్క ఒకామె ఏడాది పాటు ప్రతి ఆదివారం ఫోన్లో గంటసేపు కేస్ హిస్టరీ ఇంగ్లీష్‌లో చెప్పించింది, రూపాయి తీస్కోలేదు. ఆ అక్క లేకపోతే నాకీ సీటు లేదు, ఇది ఒట్టేసి చెప్తా.

చేరిన రెండో నెలలో ఓపీకి ఒక పెద్దమ్మ వచ్చింది (వివరాలు మార్చి చెప్తున్నా). మా బ్యాచ్ అమ్మాయి మంచిదే, కానీ సిటీలో పుట్టి పెరిగింది, ఫైల్లో ఒళ్ళు నొప్పులు అని రాసి వదిలేసింది. నేను పక్కన కూర్చుని ఎప్పటి సంది పెద్దమ్మా అన్నా. "పానం మంచిగ లేదు బిడ్డా, కొడుకు పోయిన కాడి నుంచి పొయ్యి ముట్టియ్యబుద్ధైతలేదు" అంది. ఎనిమిది నెలలైందంట. ఒళ్ళు నొప్పుల వెనక ఉన్నది ఆ దుఃఖం. మా సార్ ఆమె మాటలు ఉన్నవున్నట్టు తెలుగులోనే ఫైల్లో రాయమన్నారు.

మరి పేషెంట్ మాట పట్టుకునే ఈ నేర్పు ఇంటర్వ్యూలో ఎందుకు చూడరు? ఒక్క కేస్ అయినా పేషెంట్ భాషలో మాట్లాడించి చూడాలి, ఇంగ్లీష్ రెండేళ్లలో ఎట్లాగూ వస్తుంది, ఇది రాదు. సీటు ఇచ్చాక కూడా మాలాంటోళ్లకి సెమినార్ ఎట్లా ఇవ్వాలో, రిపోర్ట్ ఎట్లా రాయాలో మొదటి నెలలోనే ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి, నేను ఆర్నెల్లు భయంతో నోరు తెరవలేదు.

ఓబీసీ తమ్ముళ్లు చెల్లెళ్లు, కేంద్ర సంస్థలకి స్టేట్ బీసీ సర్టిఫికెట్ సరిపోదు, సెంట్రల్ ఫార్మాట్‌లో నాన్ క్రీమీ లేయర్‌ది నోటిఫికేషన్ రాకముందే తీసి పెట్టుకోండి. ఇంటర్వ్యూ ప్రాక్టీస్ కావాలంటే ఆదివారం పొద్దున నేను ఖాళీయే.